ఫలితము తెలియని దినములు: ఫానీ బర్నీ జీవితము

ధ్యానమునకు: కీర్తనలు 130, 2 సమూయేలు 12:15-23, అపొస్తలుల కార్యములు 12:1-17



ఆపరేషను అయిపోయినది. కుట్లు ఆరుచున్నవి. రోగి ఇంటికి వచ్చినది. అయితే తీసిన గడ్డను పరీక్షకు పంపినారట, పది పదిహేను దినములకు రమ్మన్నారట. ఇరుగుపొరుగువారు వచ్చి గండము గడిచినదని సంతోషించి పోవుదురు. ఆ సహోదరికి మాత్రము గడిచినదో లేదో తెలియదు. పగలు పనిపాటలలో ఎట్లో గడచును గాని, దీపము ఆర్పిన తరువాత ఆ రాత్రి గడవదు. మన సంఘములలో ఇట్టి యిండ్లు అనేకము గలవు. రొమ్ములో గడ్డ వచ్చి కోతకు లోబడి, ఫలితమునకై కనిపెట్టుచున్న సహోదరీలకును వారి యింటివారికిని ఈ నెల మేము ఒక స్త్రీ జీవితమును చెప్పదలచితిమి. ఆమె మన దేశస్థురాలు కాదు. చనిపోయి నూట ఎనుబది సంవత్సరములు దాటినది. అయినను ఆమె కనిపెట్టిన రీతి మనకు క్రొత్తది కాదు.

ఆమె పేరు ఫ్రాన్సెస్ బర్నీ. అందరును ఫానీ అని పిలిచెడివారు. ఇంగ్లాండులో నార్‌ఫోక్ జిల్లాయందలి కింగ్స్ లిన్ అను రేవుపట్టణములో 1752వ సంవత్సరము జూన్ 13వ తేదీన పుట్టెను. తండ్రి చార్లెస్ బర్నీ అచ్చటి సెయింట్ మార్గరెట్ దేవాలయములో ఆర్గన్ వాయించువాడు. తరువాత సంగీత చరిత్ర వ్రాసి పేరుపొందెను. ఈ పిల్లకు ఎనిమిదేండ్లు వచ్చువరకు అక్షరములు రాలేదు. మందబుద్ధియని యింటివారే అనుకొనిరి. పదియేండ్లకు తల్లి పోయెను. అక్షరములు వచ్చిన తరువాత మాత్రము ఆమె చేయి ఆగలేదు. పదునైదవ యేట, ఆడుపిల్ల కథలు వ్రాయుట తగదని తలంచి, వ్రాసినదంతయు పెరటిలో నిప్పు పెట్టి కాల్చివేసెను. మరల వ్రాసెను. 1778లో 'ఎవెలీనా' అను నవల పేరు లేకుండ అచ్చయి లండను అంతయు చదివిన తరువాతనే, అది తన కూతురు వ్రాసినదని తండ్రికి తెలిసెను.

ఆ కీర్తివలన ఆమెకు కలిగిన బహుమానము విచిత్రమైనది. 1786లో షార్లట్ రాణిగారి వస్త్రములను చూచు ఉద్యోగము ఇచ్చిరి. ఏటికి 200 పౌనులు జీతము. రాణి యెదుట గంటలకొలది నిలువవలెను, కూర్చుండరాదు. అయిదేండ్లలో ఆమె ఆరోగ్యము చెడి, 1791లో సెలవు పుచ్చుకొనెను. రెండేండ్లకు, తన 41వ యేట, విప్లవమువలన దేశము విడిచి వచ్చిన అలెగ్జాండర్ దర్‌బ్లే అను ఫ్రెంచి సేనాధిపతిని పెండ్లాడెను. ఆయన రోమను కథోలికుడు, ఆస్తి లేనివాడు. ఆమె ఇంగ్లాండు సంఘస్థురాలు. తండ్రి ఆ పెండ్లికి రాలేదు. అయినను ఆ కాపురము మంచి కాపురమనియే ఆమె జీవితము చదివినవారందరు ఒప్పుకొందురు. 1794 డిసెంబరులో ఒక్కడే కుమారుడు పుట్టెను. వానికిని అలెగ్జాండర్ అనియే పేరు.

1802లో, సంధి జరిగినదని నమ్మి, వారు ఫ్రాన్సు దేశమునకు వెళ్లిరి. మరుసటి యేడే యుద్ధము మరల రేగెను. దారులు మూసికొనిపోయెను. కొలది కాలమునకని వెళ్లినామె పదియేండ్లు అక్కడనే చిక్కుకొనెను. తండ్రి ముదుసలి అగుచున్నాడు. ఉత్తరములు కూడ సరిగా చేరవు. కనిపెట్టుట అను పాఠము ఆమె జబ్బుకు ముందే మొదలుపెట్టెనని మాకు తోచుచున్నది.

1810వ సంవత్సరము ఆగస్టులో ఆమెకు కుడి రొమ్ములో నొప్పి ఆరంభమయ్యెను. మొదట లక్ష్యపెట్టలేదు. వైద్యునికి చూపించుమని భర్త బ్రతిమాలెను, ఒక స్నేహితురాలు బలవంతపెట్టెను. ఆమె సిగ్గుపడెను, భయపడెను, వాయిదా వేసెను.

ఇక్కడ మేము కొంచెము ఆగవలసియున్నది. మన గ్రామములలో స్త్రీలు చేయునది సరిగా ఇదియే. రొమ్ములో గడ్డ తగిలినను భర్తకు చెప్పరు, అత్తకు చెప్పరు, రైకలోపల దాచుకొందురు. నొప్పి లేదుగదా అని కొందరు ధైర్యము తెచ్చుకొందురు. అయితే ఈ జబ్బులో గడ్డ ఆరంభమున తరచుగా నొప్పి పెట్టదు. రొమ్ములో గాని చంకలో గాని గడ్డ తగిలినను, చర్మము లోపలికి లాగుకొనినను, చనుమొననుండి నెత్తురు కారినను, ఆ వారమే డాక్టరుగారికి చూపించవలెను. అన్ని గడ్డలును కాన్సరు కావు. ఎక్కువ గడ్డలు కావు. అది చూచి చెప్పవలసినవారు డాక్టరులే. లూకా 8వ అధ్యాయములోని రక్తస్రావముగల స్త్రీ పండ్రెండేండ్లు వైద్యులయొద్ద తిరిగినది. అది పాపమని ప్రభువు ఆమెతో అనలేదు. ఆమె దాగియుండగోరినప్పుడు మాత్రము ఆయన ఆమెను అందరి యెదుటికి పిలిచెను.

ఫానీకి చికిత్స చేయ వచ్చిన వైద్యులు సామాన్యులు కారు. డొమినిక్ లార్రే నెపోలియను సేనలకు ప్రసిద్ధుడైన శస్త్రవైద్యుడు. గాయపడినవారిని యుద్ధభూమినుండి త్వరగా మోసికొనివచ్చు బండ్లను ఏర్పరచినవాడు. ఆంట్వాన్ ద్యుబ్వా ఆ 1811 మార్చిలోనే నెపోలియను భార్యకు కానుపు చేసినవాడు. లార్రే మందులతో కరిగించ చూచెను. కొన్నాళ్లు ఆశ, కొన్నాళ్లు నిరాశ. ద్యుబ్వాను కూడ పిలిచిరి. ఆయన చూచెను, ఆమెకు నాలుగు మంచి మాటలు చెప్పెను, తరువాత ఆమె భర్తను ప్రక్క గదిలోనికి తీసికొనిపోయి చాలసేపు మాటలాడెను. భర్త తిరిగి వచ్చినప్పుడు ఆమెకు ఎవరును ఏమియు చెప్పవలసిన పని లేకపోయెను. ఆమె తన ఫలితమును ఆయన ముఖముమీద చదువుకొనెను.

దావీదు బిడ్డ జబ్బుపడిన ఏడు దినముల సంగతి ఇక్కడ జ్ఞాపకము చేసికొనవలెను. రాజు నేలమీద పడియుండెను, భోజనము చేయలేదు. బిడ్డ బ్రతుకునో చావునో తెలియనంత కాలము అతడు ప్రార్థించుటయు ఏడ్చుటయు మానలేదు. సేవకులు గుసగుసలాడుట చూచి సంగతి గ్రహించెను. ఇంటివారు దాచుదుమనుకొందురు గాని, రోగి వారి నడకలో, గొంతులో, ఎక్కువైన ఆప్యాయతలో అంతయు చదువును. కాబట్టి రోగి అడిగినప్పుడు నిజము చెప్పుటయే మేలని మా తలంపు. ఫానీకి జరిగినట్లు రోగి నిజమును ఒంటరిగా ఊహించుకొనవలసి వచ్చుట ఇంకను కష్టము.

కోత తప్పదని తేలినది. ఎప్పుడు? అది మాత్రము ఆమెకు చెప్పలేదు. ముందుగా తెలిసినయెడల భయము పెరుగునని వైద్యులు తలంచిరి. దాదాపు మూడు వారములు ఆమె ప్రతి ఉదయమును ఈ దినమేనా అని లేచెను. భర్త ఆ దృశ్యము చూడరాదని ఆమె తీర్మానించుకొని, ఆ సమయమునకు ఆయన తన కచేరిలోనే నిలిచిపోవునట్లు స్నేహితులతో ఏర్పాటు చేయించెను.

1811 సెప్టెంబరు 30వ తేదీన కబురు వచ్చెను. రెండు గంటలలో వైద్యులు వత్తురు. అంతలో మరియొక కబురు: ద్యుబ్వాగారికి మూడు గంటలకు ముందు తీరదట. ఆమె భర్తకును కుమారునికిని, ఒకవేళ తాను బ్రతుకనిచో అందవలెనని, నాలుగు మాటలు వ్రాసి పెట్టెను. గదిలోనికి వెళ్లి చూడగా అక్కడ కట్లు, దూది, స్పంజీలు పేర్చియుండెను. చూచి తలతిరిగినదై అటునుండి ఇటు, ఇటునుండి అటు నడచెను, మనస్సు మొద్దుబారువరకు నడచెను. గడియారము మూడు కొట్టెను.

నల్లని దుస్తులు ధరించిన ఏడుగురు మగవారు ఒక్కసారి గదిలోనికి వచ్చిరి. ఆ కాలమున మత్తుమందు లేదు. ఈథరు ఇచ్చి నొప్పి తెలియకుండ కోయుట 1846లో, అనగా ఇంకను 35 సంవత్సరములకు, అమెరికాలోని బోస్టనునందు అందరి యెదుట చేసి చూపిరి. ఆమెకు ఇచ్చినదంతయు కొంచెము ద్రాక్షారసపు మందు. ముఖముమీద పలుచని చేతిరుమాలు ఒకటి కప్పిరి. దానిగుండ అంతయు కనబడుచుండెను. కత్తి తళతళయు కనబడెను. రొమ్ము ఎవరు పట్టుకొందురని వైద్యుడు అడిగినప్పుడు, తానే పట్టుకొందునని ఆమె చెప్పెను. ఒక వ్రేలు తన రొమ్ముమీద గాలిలో నిలువుగా ఒక గీత, అడ్డముగా ఒక గీత, పిమ్మట గుండ్రముగా ఒక గీత గీయుట రుమాలుగుండ చూచెను. పైనుండి క్రిందికిని ప్రక్కనుండి ప్రక్కకును గీసిన ఆ గుర్తు శిలువ గుర్తే; అయితే వైద్యుడు చెప్పినది రొమ్ము మొత్తము తీసివేయవలెనని.

దాదాపు ఇరువది నిమిషములు పట్టెను. కోసినంతసేపు ఆమె కేక వేసెను. అణచుకొనవలదని వైద్యులే చెప్పియుండిరి. అణచుకొనుటయే విశ్వాసమని మనలో కొందరు అనుకొందురు. గెత్సేమనేలో ప్రభువు అణచుకొనలేదు. ఆర్తనాదముతో ప్రార్థించెనని హెబ్రీ పత్రిక 5వ అధ్యాయము చెప్పుచున్నది.

కోత ముగిసినదనుకొన్నప్పుడు ముగియలేదు. ఎముక వరకు గీరిరి. ఏమైన మిగిలినదేమోయని వంగి చూచిరి. ద్యుబ్వాగారి వ్రేలు ఆ పుండుమీద లేచి, తాకకుండనే, ఇంకొక చోటు చూపెను. తాకని ఆ వ్రేలు కూడ ఆమెకు తెలిసెను. లార్రే మరల గీరెను. మరల చూపెను. మరల గీరెను. ఆ కాలములో పరీక్ష ఫలితమనగా అంతే: ఒక వైద్యుని కన్ను, ఒక వైద్యుని వ్రేలు. చివరకు ఆమెను పడకకు మోసికొని పోవుచుండగా కన్ను తెరచి చూచెను. లార్రే ముఖము ఆమె ముఖమంత తెల్లబడి, నెత్తురు చిందియుండెను. ఎన్ని యుద్ధములు చూచిన మనుష్యుడో!

ఇక అసలు సంగతికి వచ్చుచున్నాము. ఆమె బ్రతికెను. కాని ఆమెకు ఫలితము ఎవరు చెప్పిరి? ఎవరును చెప్పలేదు. నేడు తీసిన గడ్డను మందునీటిలో ఉంచి, మైనములో పోసి, కాగితముకంటె పలుచని పొరలుగా కోసి, రంగులు వేసి, సూక్ష్మదర్శినిలో చూతురు. చంకలోని గ్రంథులకు ప్రాకినదా, కోసిన అంచు శుభ్రముగా నున్నదా, ఏ మందుకు లొంగును అని పరీక్షింతురు. అందుకే దినములు పట్టును, ఒక్కొక్కచోట వారములు పట్టును. ఈ ఆలస్యము డాక్టరుల అశ్రద్ధ కాదు. ఆ దినములలో వారు మనకొరకు పని చేయుచున్నారు. ఫానీ కాలములో గడ్డలోని కణములను చూచి వ్యాధి నిర్ణయించు విద్యయే లేదు. జర్మనీలో విర్కో అను పండితుడు కణములనుగూర్చిన తన గ్రంథమును 1858లో వెలువరించెను. కాబట్టి ఆమెకు కాగితము రాలేదు, రాదు. ఆమె కనిపెట్టినది పదునైదు దినములు కాదు, తక్కిన బ్రదుకంతయు. ప్రతి నొప్పియు ఒక ప్రశ్న. ఆమెకున్న గడ్డ నిజముగా కాన్సరేనా అని నేటి వైద్యులలో కొందరు సందేహింతురు, ఎందుకనగా ఆమె అంత దీర్ఘకాలము బ్రతికెను. రెండు వందల యేండ్ల తరువాత కూడ ఆ ఫలితము రాలేదని చెప్పవచ్చును.

ఇట్టి తెలియనితనములో ఆమె ఏమి చేసెను? ఆరు నెలలకు, 1812 మార్చిలో, తన అక్క ఎస్తేరుకు ఉత్తరము మొదలుపెట్టెను. జరిగినదంతయు వ్రాయదలచెను. వ్రాయగా తలనొప్పి వచ్చెను, ఆపెను, మరల వ్రాసెను. ఆ ఉత్తరము ముగియుటకు జూను వచ్చెను. వ్రాసినదానిని తిరిగి చదువలేకపోయెను. భర్త దాని చివర కొన్ని మాటలు చేర్చెను. ఆయనకును అది చదువుట దుస్సహమాయెను. ఆ ఉత్తరము నేడు న్యూయార్కు ప్రజా గ్రంథాలయములో భద్రముగా నున్నది. వైద్యవిద్యార్థులు సహా చదువుచున్నారు. కోత పడిన స్త్రీ తన నోటితో తానే సంగతి చెప్పిన వ్రాతలలో అంత వివరమైనది ఆ కాలమునుండి మరియొకటి మేము చూడలేదు. ఆమె ధైర్యస్థురాలనిపించుకొనుటకు వ్రాయలేదు. తన భయమును దాచలేదు. తన అక్కతో చెప్పుకొనెను. కనిపెట్టువారికి అట్టి ఒక్క మనుష్యురాలు చాలును. మన స్త్రీల సమాజములలో ఆ ఒక్కరు ఎవరో ఆలోచింపవలెను. పండ్లు పట్టుకొనిపోయి పరామర్శించి, ఫలానావారు ఇదే జబ్బుతో పోయిరని చెప్పి వచ్చువారు అనేకులున్నారు. వారు ఇంటనే యుండుట మంచిది. గెత్సేమనేలో ప్రభువు శిష్యులను ఉపాయము అడుగలేదు, మెలకువగా ఉండుమని మాత్రము అడిగెను. వారు అదియు చేయలేకపోయిరి.

ఉత్తరము ముగిసిన రెండు నెలలకే, ఆగస్టులో, ఆమె కుమారుని వెంటబెట్టుకొని ఓడ యెక్కెను. పదునేడేండ్ల పిల్లవానిని నెపోలియను సైన్యములోనికి లాగుకొనకుండ ఇంగ్లాండు చేర్చవలెను. తనకు మిగిలిన కాలమెంతో తెలిసిన తరువాత ప్రయాణము పెట్టుకొందమని ఆమె ఆగలేదు. అందువలన తండ్రిని ఆయన మరణమునకు ముందు చూడగలిగెను. ఆయన 1814లో మరణించెను.

ఈ కథను ఇంతటితో ఆపినయెడల అది అబద్ధమగును. ఫానీకి కోత జరిగిన ఎనిమిది దినములకు, 1811 అక్టోబరు 8వ తేదీన, సముద్రమునకు ఆవలి ఒడ్డున, అమెరికాలోని క్విన్సీ అను ఊరిలో, మరియొక స్త్రీకి అదే కోత జరిగెను. ఆమె అబిగయీలు ఆడమ్స్ స్మిత్, ఆ దేశపు రెండవ అధ్యక్షుడైన జాన్ ఆడమ్స్‌కు కుమార్తె, వయస్సు 46. ఆమెకును మత్తుమందు లేదు. ఆమె తండ్రి యింటిలోనే జాన్ వారెన్ అను పేరుపొందిన వైద్యుడు కోసెను. ఆమెయు ఓర్చుకొనెను. కోలుకొనెను. యింటివారు సంతోషించిరి. మరుసటి యేడు ఆమె తన యింటికి తిరిగిపోయెను. 1813లో జబ్బు మరల వచ్చెను. దాదాపు 300 మైళ్లు బండిలో ప్రయాణముచేసి తలిదండ్రుల యింటికి చేరి, ఆ ఆగస్టులో వారి యొద్దనే కన్నుమూసెను.

ఒకే నెల అటు ఇటుగా, ఒకే జబ్బు, ఒకే కోత. ఒకతెకు 28 సంవత్సరములు, ఒకతెకు రెండేండ్లు కూడ లేవు. ఎందుకు? ఎవరి ప్రార్థన గట్టిది? ఈ ప్రశ్నను మన ప్రజలు అడుగుదురు గనుక మేము తప్పించుకొనదలచలేదు. అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయము తెరచి చూడుడి. హేరోదు యాకోబును ఖడ్గముతో చంపించెను. పేతురును చెరలో వేయించెను. సంఘము అదే సంఘము. దేవుడు అదే దేవుడు. దూత పేతురుయొద్దకు వచ్చెను, యాకోబుయొద్దకు రాలేదు. యాకోబు విశ్వాసము తక్కువదని లూకా ఒక్క మాటయు వ్రాయలేదు. మనము వ్రాయుటకు మనమెవరము? జబ్బు తిరిగి వచ్చిన సహోదరియొద్దకు పోయి, నీవు నమ్మలేదు గనుక ఇట్లయినదని చెప్పువారు ఆమె గాయముమీద రెండవ కత్తి పెట్టుచున్నారు.

ఆ అధ్యాయములో మాకు ఎక్కువ ఆశ్చర్యము కలిగించునది మరియొకటి. తెల్లవారిన తీర్పు, ఆ రాత్రి పేతురు ఇద్దరు సైనికుల మధ్య సంకెళ్లతో నిద్రపోవుచుండెను. దూత వచ్చునని అతనికి తెలియదు. యాకోబుకు జరిగినది మాత్రము తెలియును. అయినను నిద్రపోయెను. కనిపెట్టువారందరికి ఆ నిద్ర రాదని మాకు తెలియును. అట్టివారికి 130వ కీర్తన ఉన్నది. అందులో కావలివాడు నిద్రపోడు, ఉదయముకొరకు కనిపెట్టుచునే యుండును. ఇద్దరును దేవుని గ్రంథములోనే యున్నారు.

హిజ్కియాకు యెహోవా పదునైదు సంవత్సరములని లెక్క చెప్పెను. ఫానీకి అంతకు దాదాపు రెండింతలు దొరికెను గాని, లెక్క చెప్పలేదు. ఆ కాలమంతయు సుఖముగా గడిచినదని అనుకొనరాదు. 1815లో వాటర్లూ యుద్ధమప్పుడు ఆమె బ్రస్సెల్స్‌లో ఒంటరిగా భర్త కబురుకై కనిపెట్టెను. అక్కడ కూడ ఫలితము తెలియని దినములే. 1818 మేలో భర్త బాత్ పట్టణములో మరణించెను. కుమారుడు ఇంగ్లాండు సంఘములో పాదిరియై, లండనులోని కామ్డెన్ టౌన్ దేవాలయములో పరిచర్య చేసి, 1837 జనవరిలో జ్వరముతో తల్లికంటె ముందుగా పోయెను. రొమ్ముకోత తప్పించుకొనిన తల్లి ఒక్కగానొక్క కొడుకును పాతిపెట్టెను. ఆమె తన 80వ యేట, 1832లో, తండ్రి జీవితమును మూడు సంపుటములుగా ప్రకటించెను.

ఆమెకు సూసన్ అను చెల్లెలు ఉండెను. మిక్కిలి ప్రియమైనది. ఆ చెల్లెలు 1800వ సంవత్సరము జనవరి 6వ తేదీన చనిపోయెను. ప్రతి సంవత్సరమును ఆ దినము ఫానీ జ్ఞాపకముగా ఆచరించుచుండెను. సరిగా నలుబది యేండ్లకు, 1840 జనవరి 6వ తేదీనే, 87వ యేట, ఆమె లండనులో కన్నుమూసెను. బాత్ పట్టణములో వాల్కాట్ దేవాలయపు ఆవరణమున, భర్త ప్రక్కను కుమారుని ప్రక్కను ఆమెను సమాధిచేసిరి.